చెయ్యి ముందు, మిషన్ వెనుక

పోయిన సంచికలో బృందగానం గురించి, ఎలక్ట్రానిక్ సంగీతం గురించి కలిపి రాసేసరికి ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగా వచ్చాయి. హనుమకొండలో పిల్లలకు బృందగానం నేర్పుతూ, వాళ్ల కోసం బాణీలు కడుతూ, రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుని శబ్దాలతో ప్రయోగాలు చేసే నాకు ఈ ప్రశ్నలన్నీ నా రోజువారీ పనిలోంచే వచ్చినట్టు అనిపించాయి. కొన్నింటికి పెద్దగా, కొన్నింటికి చిన్నగా జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేడమ్, నేను నర్సంపేట దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. మా దగ్గర మ్యూజిక్ టీచర్ లేరు, ఆగస్టు 15కి దేశభక్తి గేయం నేర్పే పని నామీద పడింది. నలభై మంది పిల్లలు, పాట అందరికీ వచ్చు. కానీ ఎత్తుకోవడమే ఒక్కసారి జరగదు, ముందు వరుస ఎత్తుకున్నాక వెనక వరుస అందుకుంటుంది. 'వన్ టూ త్రీ స్టార్ట్' అన్నా అంతే. చేతులు ఎలా ఊపాలో చెప్పండి.

జవాబు: టీచర్ గారూ, చేతుల సంగతి తర్వాత, ముందు ఊపిరి సంగతి చూద్దాం. 'వన్ టూ త్రీ స్టార్ట్' అని మనం అనే వేగం ఒకటి, పాట వేగం ఇంకొకటి, పైగా 'స్టార్ట్' అన్న మాట చెవిన పడ్డాకే పిల్లలు గాలి పీల్చుకుంటారు. ఒకరు గబుక్కున పీలుస్తారు, ఒకరు నిదానంగా పీలుస్తారు, గొడవంతా అక్కడే. అందుకే మొదటి దెబ్బకు ముందు ఒక ఖాళీ దెబ్బ ఇవ్వాలి. చెయ్యి ఛాతీ ఎత్తులో పెట్టి, అందరి కళ్లూ మీ మీదకు వచ్చేదాకా కదలకుండా నిలబడండి, ఎంతసేపైనా సరే తొందరపడకండి. తర్వాత పాట ఏ వేగంలో నడవాలో సరిగ్గా అదే వేగంలో చెయ్యి పైకి లేపుతూ మీరూ నోరు తెరిచి గాలి పీల్చండి. మిమ్మల్ని చూస్తూ పిల్లలు తమకు తెలియకుండానే పీలుస్తారు. చెయ్యి కిందికి దిగిన చోట పాట మొదలవుతుంది. పెద్దగా, విసురుగా లేపితే పాట గట్టిగా వస్తుంది, చిన్నగా లేపితే మెత్తగా వస్తుంది, నోటితో చెప్పాల్సిన పనే ఉండదు.

ఇక చేతి కదలిక. నాలుగు దెబ్బల పాటకు కుడిచెయ్యి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడు దెబ్బలదైతే కిందికి, కుడికి, పైకి. మొదటి దెబ్బ ఎప్పుడూ కిందికే. ఆది తాళం వేసినవాళ్లకు ఇది కష్టం కాదు, కాకపోతే తొడమీద తాళం మన లెక్క కోసం వేసుకుంటాం, ఇది ఎదుటివాళ్లు చూసి అందుకోవడానికి వేసేది కాబట్టి పాటకంటే ఒక్క వెంట్రుకవాసి ముందుండాలి. పిల్లలు సాగదీస్తున్నారని మీ చెయ్యి కూడా వాళ్ల వెంట సాగిందంటే పాట మునిగినట్టే. ఎడమచెయ్యి కుడిచేతిని కాపీ కొట్టకూడదు, దాన్ని ఫలానా వరుస ఇప్పుడు ఎత్తుకోవాలి, ఇక్కడ గొంతు తగ్గించాలి అని చెప్పడానికి దాచిపెట్టుకోండి. ఇంకో మాట, వాళ్లతో కలిసి మీరు పాడకండి. మీరు పాడితే మీకు మీ గొంతే వినిపిస్తుంది, ఎవరు శ్రుతి తప్పుతున్నారో తెలియదు.

వేగం మీద పట్టు రావాలంటే జనగణమన పెట్టుకుని సాధన చేయండి, పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు పట్టాలి. వాచీ చూడకుండా నడిపించి, చివర్లో ఎంత పట్టిందో చూసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ సెకండియర్. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేయాలని పిచ్చి. మంచి సింథసైజర్ కొందామంటే అరవై వేలు చెప్తున్నారు, ఇంట్లో అడిగితే నాన్న కోప్పడుతున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడు ఏదీ కొనకు, ఈ విషయంలో నాన్న మాటే కరెక్ట్. నీ దగ్గర లాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. సర్జ్ ఎక్స్‌టీ, వీసీవీ ర్యాక్, ప్యూర్ డేటా, ఆడాసిటీ, ఇవన్నీ శబ్దాలు పుట్టించే, కత్తిరించే సాఫ్ట్‌వేర్లు, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. వీటిలో సర్జ్ ఎక్స్‌టీ ఒక్కటి ఇన్‌స్టాల్ చేసి, రెడీమేడ్‌గా ఇచ్చిన శబ్దాల జోలికి పోకుండా ఖాళీ ప్యాచ్ (శబ్దం అమరిక) తెరువు. శబ్దాన్ని పుట్టించే ఆసిలేటర్ ఒకే ఒకటి, దానికి రంపపు పళ్లలా ఉండే సా-టూత్ వేవ్, ఆ శబ్దాన్ని జల్లెడ పట్టే ఫిల్టర్ ఒకటి, ఒక ఎన్వలప్. ఒక వారంపాటు ఒక్క షడ్జమం మీదే పని చెయ్యి. ఫిల్టర్ మూస్తూ పోతే శబ్దం ఎలా గొంతు మూసుకుంటుందో, తెరిస్తే ఎలా కోసుకుపోతుందో చెవికి పట్టేదాకా రెండో స్వరం ముట్టుకోకు.

ఎన్వలప్ అంటే శబ్దం ఎలా పుట్టి ఎలా పోతుందనే లెక్క. డప్పు మీద చిర్ర పడగానే శబ్దం ఒక్కసారి లేచి వెంటనే పడిపోతుంది, తంబురా తీగ మీటితే లేచాక చాలాసేపు నిలిచి మెల్లగా కరుగుతుంది. ఈ రెండింటినీ అదే సా-టూత్‌తో, ఆటాక్ (లేవడం), డికే (కాస్త తగ్గడం), సస్టెయిన్ (నిలవడం), రిలీజ్ (ఆరిపోవడం) అనే నాలుగు నాబ్‌లు మాత్రమే తిప్పి పుట్టించడానికి ప్రయత్నించు. అచ్చం డప్పులా రాదు, రాకపోయినా ఫర్వాలేదు, ఎందుకు రాలేదో వెతకడంలోనే చదువంతా ఉంది. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాపుతారు చూడు, తోలు బిగిసి శ్రుతి పైకి పోతుంది, దెబ్బ పడిన క్షణంలో ఆ శ్రుతి ఇంకాస్త పైన మొదలై కిందికి జారుతుంది. ఆ జారుడు కలిపితే నీ శబ్దానికి ప్రాణం వస్తుంది.

రెండో పని, ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లు. 1948లో ప్యారిస్‌లో పియెర్ షెఫర్ అనే రేడియో ఇంజినీరు స్టేషన్‌కు వెళ్లి రైలింజన్ల శబ్దాలు రికార్డు చేసి, వాటినే ముక్కలుగా తీసుకుని, మళ్లీ మళ్లీ తిప్పి, కలిపి సంగీతం కట్టాడు. నీకు పక్కనే కాజీపేట జంక్షన్ ఉంది. కొత్తవాడలో తివాచీలు, దర్రీలు నేసే మగ్గాల చప్పుడు ఉంది, నేను దాన్ని రికార్డు చేసుకుని పిల్లల పాట కింద వాడాను. దగ్గర నుంచి వింటే ఒక్కో దెబ్బలో మూడు శబ్దాలుంటాయి: కాలి కింద తొక్కుడు కర్ర మూలుగు, దారం సాగే గుసగుస, ఆ తర్వాత దారాన్ని దగ్గరికి కొట్టే మొద్దు దెబ్బ. షెఫర్ చేసిన ఇంకో ప్రయోగం నువ్వు ఈ సాయంత్రమే చేయొచ్చు. గుడిగంట ఒక్క మోత రికార్డు చేసి, ఆడాసిటీలో దాని మొదటి దెబ్బను, అంటే మొదటి అర సెకను కోసేసి మిగిలింది విను. గంట అని ఎవరూ అనరు, ఏదో ఊదే వాద్యం అనుకుంటారు. ఒక శబ్దం ఏమిటో చెవి ఆ మొదటి క్షణంలోనే గుర్తుపడుతుంది.

ఇదంతా ఆర్నెల్లు చేశాక కూడా పిచ్చి అలాగే ఉంటే చిన్న 25 మెట్ల మిడి కీబోర్డ్, ఒక వైర్ హెడ్‌ఫోన్ కొనుక్కో. మిడి అనేది 1983లో వచ్చిన పద్ధతి, ఇప్పటికీ పాత పరికరమూ కొత్త పరికరమూ అందులో మాట్లాడుకుంటాయి కాబట్టి డబ్బు వృథా పోదు. సాయంత్రాలు వీలుంటే మన విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలకు వెళ్లి గాత్రమో మృదంగమో నేర్చుకునే వీలుందేమో కనుక్కో. గొంతుతో పట్టుకోలేని స్వరాన్ని మౌస్‌తో పట్టుకోవడం చాలా కష్టం.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మాయి కరీంనగర్‌లో కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, వర్ణాల దాకా వచ్చింది. స్కూల్లో కీబోర్డ్ కూడా నేర్పుతున్నారు. కీబోర్డ్ వాయిస్తే శ్రుతి పాడైపోతుందని గురువుగారు అంటున్నారు. మాన్పించమంటారా?

జవాబు: గురువుగారి భయంలో నిజముందమ్మా. కీబోర్డ్‌లో స్థాయిని, అంటే ఒక 'స' నుంచి పై 'స' దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలు చేస్తారు. స్థాయి మొత్తం 1200 సెంట్లు అనుకుంటే ఒక్కో మెట్టు 100. పంచమం సహజంగా 702 దగ్గర ఉండాలి, కీబోర్డ్ మీద 700, అది చెవికి పెద్దగా తెలియదు. కానీ అంతర గాంధారం సహజంగా 386 దగ్గర ఉంటే కీబోర్డ్‌లో అది 400. ఆ పద్నాలుగు సెంట్లు శ్రద్ధగా వినే చెవికి బాగా తెలుస్తాయి. బాగా శ్రుతి చేసిన తంబురాలో గాంధారానికి వేరే తీగ లేకపోయినా, మంద్ర షడ్జమం మీటినప్పుడు అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది, ఆ వినిపించేది 386దే. పాప ఒకపక్క అది వింటూ, ఇంకోపక్క 400తో గొంతు కలిపితే ఎటూ కాకుండా పోతుంది. గమకం సంగతి చెప్పనే అక్కర్లేదు, తోడి రాగంలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడేది కాదు. హార్మోనియం మీద ఇదే అభ్యంతరంతో 1940లో ఆకాశవాణి దాన్ని పక్కన పెట్టింది, 1971లో గానీ ఆ పట్టు సడలలేదు.

అయినా మాన్పించొద్దంటాను. గాత్ర సాధన మాత్రం తంబురాతోనే, కీబోర్డ్ పెట్టుకుని సరళీలు పాడటం పూర్తిగా బంద్. కీబోర్డ్‌ను వేరే సబ్జెక్టులా చూడండి: స్వరాలు రెండు మూడు కలిపి మోగిస్తే ఏమవుతుందో, అయిదు గీతల మీద రాసిన సంగీతం ఎలా చదవాలో అక్కడ నేర్చుకుంటుంది. రేపు ఏదైనా బృందంలో పాడాల్సి వచ్చినా, బృందాన్ని నడపాల్సి వచ్చినా అది కావాలి. తప్పు కరెంటుది కాదు, పన్నెండు మెట్ల లెక్కది. చాలా సింథసైజర్లలో ఒక్కో స్వరాన్ని కావలసినంత పైకీ కిందికీ జరుపుకోవచ్చు, మిడిలో స్వరాన్ని వంచే పిచ్ బెండ్‌కు 16,384 స్థానాలున్నాయి. అన్నట్టు, ఇప్పుడు చాలా ఇళ్లలో మోగే శ్రుతి పెట్టె కూడా ఎలక్ట్రానిక్‌దే, గురువుగారికి దానిమీద అభ్యంతరం ఉండదనుకుంటా.

ప్రశ్న: వందనాలు మేడమ్. కాజీపేటలో మా మందిరంలో క్వాయర్ నడిపిస్తాను. క్రిస్మస్‌కు కొత్తగా కంప్యూటర్‌లో చేయించిన ట్రాక్ పెట్టి పాడిస్తున్నాం. వెనక వరుస ఎప్పుడూ ఆలస్యం, రెండో చరణానికి ట్రాక్ ముందుకు వెళ్లిపోతుంది, నన్ను చూడాలా ట్రాక్ వినాలా అని వాళ్లకు టెన్షన్. నాకూ చెయ్యి ఎటు తిప్పాలో అర్థం కావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బృందాన్ని నడిపేవాళ్లు ఎలక్ట్రానిక్స్ ముట్టుకోగానే అందరికీ వచ్చే చిక్కు ఇదే.

ముందు సులువుగా సరిచేసుకునేది చెప్తాను. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే పది మీటర్ల దూరానికి దగ్గర దగ్గర 29 మిల్లీసెకన్లు, ఇరవై మీటర్లకు 58. మీ స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి కదా, క్వాయర్‌కు వినిపించేది వెనక గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం, హాలు పొడవును బట్టి అది వంద మిల్లీసెకన్లు దాటినా ఆశ్చర్యం లేదు. పాపం వాళ్లు సరిగ్గానే పాడుతున్నారు, ఆలస్యంగా చేరిన శబ్దంతో కలిపి పాడుతున్నారంతే. చిన్న మానిటర్ స్పీకర్ ఒకటి క్వాయర్ వైపు తిప్పి, రెండు మూడు మీటర్ల దూరంలో, సౌండ్ తక్కువగా పెట్టండి. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు, దానికి సొంత ఆలస్యం ఉంటుంది. వైరే వాడండి. దూరంగా ఉన్న వరుస చెవిని కాకుండా కంటిని నమ్మాలి, మీ చెయ్యి వాళ్లకు ఆలస్యం లేకుండా చేరుతుంది.

అసలు చిక్కు వేరే. ట్రాక్ ఊపిరి తీసుకోదు. పాట చివరి మాట మీద మనుషులు కొంచెం నిలుస్తారు, చరణానికీ పల్లవికీ మధ్య గాలి పీల్చుకుంటారు, మందిరంలో జనం ఎక్కువగా ఉంటే పాట కాస్త నిదానిస్తుంది. ట్రాక్‌కు ఇవేవీ తెలియవు. ఫ్రాన్స్‌లో పియెర్ బులేజ్ అని ఒకాయన ఉండేవాడు, 1925లో పుట్టి 2016లో పోయాడు. ప్రపంచంలో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలను చేతిలో పుల్ల కూడా లేకుండా ఉత్త చేతులతో నడిపాడు, పాఠాలు చెప్పాడు, సంగీతం రాశాడు, ఎలక్ట్రానిక్ సంగీతం కోసం ప్యారిస్‌లో ఇర్‌కామ్ అనే పరిశోధన సంస్థనే పెట్టించాడు. ఆయన 1958లో ఆర్కెస్ట్రాతో పాటు ముందే రికార్డు చేసిన టేపు నడిపించే రచన ఒకటి చేసి, అది నచ్చక వెనక్కి తీసుకున్నాడు. టేపు ఒకసారి నడక మొదలుపెడితే బృందాన్ని నడిపే కండక్టర్ దాని వెనక పరుగెత్తాల్సిందే కదా. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 1981లో 'రెపాన్' అనే రచనలో దాన్ని తిరగేశాడు: మధ్యలో 24 మంది వాద్యకారులు, జనం చుట్టూ ఆరుగురు సోలో వాద్యకారులు, ఆ ఆరుగురు వాయించింది వాయించినట్టే కంప్యూటర్‌లోకి పోయి, అక్కడికక్కడే మారి స్పీకర్లలోంచి వస్తుంది. వాయించేవాళ్లు నిదానిస్తే మిషన్ కూడా నిదానించాలి. నాకు ఇంతకంటే మంచి పాఠం ఇంకెక్కడా దొరకలేదు, చెయ్యి ముందుండాలి, మిషన్ వెనుక రావాలి.

మీకు అంత సరంజామా అక్కర్లేదు. ట్రాక్ చేసినవాళ్ల దగ్గర తబలా, బేస్, తీగల శబ్దాలు విడివిడి ఫైళ్లుగా అడిగి తీసుకోండి. కచ్చితమైన దెబ్బలుండే వాటిని తీసేసి తబలా మనిషితోనే వాయించండి. తీగల శబ్దాల్లాంటి సాగే వాటిని పల్లవికొకటి, చరణానికొకటి ముక్కలు చేసి, లాప్‌టాప్ మీద ఒక్కో మీటకు ఒక్కో ముక్క పెట్టండి. లాప్‌టాప్ దగ్గర కూర్చునేవాళ్లు టెక్నీషియన్ కాదు, క్వాయర్‌లో ఒకరు. పాట తెలిసినవాళ్లు, వరుసలోనే కూర్చుని మీ చెయ్యి చూస్తూ మీట నొక్కాలి. మా పిల్లల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఈ పని చేస్తుంది. పాట చివర నేను ఎడమ అరచెయ్యి తెరిచి పైన పట్టుకుంటే పిల్లలు ఆ స్వరం మీద నిలుస్తారు, ఆ అమ్మాయి కూడా తీగల శబ్దాన్ని అలాగే నిలబెడుతుంది, నేను పిడికిలి బిగించగానే గొంతులూ మిషనూ ఒక్కసారి ఆగుతాయి. మొదట్లో మీట మీద చూపు పెట్టి నా వైపు చూడటం మర్చిపోయేది. మీటల మీద చిన్న బట్టబొత్తాం ఒకటి అంటించి, తడిమితే తెలిసేలా చేశాక తల ఎత్తడం అలవాటైంది.

ట్రాక్ మార్చే టైం లేదంటారా, అయితే ఈ క్రిస్మస్‌కు ఇయర్‌ఫోన్‌లో క్లిక్ (ట్రాక్ వేగాన్ని చెప్పే టిక్ టిక్ శబ్దం) మీరొక్కరే వినండి, చెయ్యి దాని ప్రకారం వెయ్యండి, క్వాయర్‌తో మాత్రం 'ట్రాక్ వినకండి, నన్ను చూడండి' అని గట్టిగా చెప్పండి. ఇద్దరు యజమానులుంటే ఏ బృందమూ నడవదు.

ప్రశ్న: మేడమ్, మాది గోదావరిఖని. మా నాన్న సింగరేణిలో చేసేటప్పుడు షిఫ్టు సైరన్ మోగితే ఊరంతా వినిపించేది. ఆ సైరన్‌తో ఏదైనా మ్యూజిక్ కట్టాలని ఉంది. నవ్వుతారేమో?

జవాబు: ఎందుకు నవ్వుతారు బిడ్డా! 1922 నవంబరు 7న బాకు నగరంలో ఆర్సెనీ అవ్రామోవ్ అనే సంగీతకారుడు ఫ్యాక్టరీ సైరన్లు, ఓడల కూతలు, రైలింజన్లు అన్నీ కలిపి ఊరంతా వినేలా ఒక సింఫనీ నడిపించాడు. ఎత్తైన మంచె మీద నిలబడి జెండాలు ఊపుతూ కండక్ట్ చేశాడు. అంత దూరానికి చెయ్యి కనిపించదు కదా. ఎడ్గార్ వరేజ్ కూడా 1931లో పూర్తిచేసిన ఒక తాళవాద్య రచనలో రెండు సైరన్లు వాడాడు. సైరన్‌లో అందం ఏమిటంటే అది ఏ మెట్టు మీదా నిలబడకుండా కింది నుంచి పైకి పాకి, మళ్లీ జారుతుంది. నీ దగ్గర రికార్డింగ్ ఉంటే సగం వేగానికి తగ్గించి విను, సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగి, మనిషి గొంతుకు అందే చోటికి వస్తుంది. అప్పుడు నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి ఆ జారుడును 'ఆ' అంటూ గొంతుతో పాడించు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకోవాలి, నువ్వు చేత్తో ఎత్తు చూపించాలి. మీ నాన్నగారిని కూడా అడుగు, ఏ షిఫ్టుకు ఎంతసేపు మోగేదో, అది విని ఇంట్లో ఎవరేం చేసేవారో. రచనకు నడక అందులోంచే వస్తుంది.

ప్రశ్న: సిరిసిల్లలో మాకు మరమగ్గాలున్నాయి. పక్కపక్కన నాలుగు నడుస్తుంటే కాసేపు ఒకే తాళంలో ఉన్నట్టు, కాసేపటికి విడిపోయినట్టు వినిపిస్తుంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. వేగాల్లో కొద్దిపాటి తేడా ఉన్నప్పుడు దెబ్బలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. 1965లో అమెరికాలో స్టీవ్ రైష్ అనే సంగీతకారుడు ఒకే మాటను రెండు టేప్ రికార్డర్లలో తిప్పుతుంటే అవి మెల్లగా ఒకదానికొకటి దూరమవడం విని, దాన్నే పద్ధతిగా చేసుకుని ఎన్నో రచనలు కట్టాడు. మీరు ఒక పావుగంట రికార్డు చేసి నాకు పంపండి, నిజంగా వినాలని ఉంది.

ప్రశ్న: నేను హనుమకొండలో రిటైర్డ్ ఉద్యోగిని. ఏళ్ల తరబడి సాధన చేసి పాడేవాళ్లు ఒకవైపు, మీట నొక్కి అన్నీ తెప్పించుకునేవాళ్లు ఒకవైపు. రెండోదాన్ని కూడా సంగీతం అని పిల్లలకు మీరే నేర్పుతుంటే బాధగా ఉంది.

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది సార్, సాధన విలువ తగ్గించే మాట నేనెప్పుడూ అనను. కానీ ఇది నిన్నమొన్న ఫోన్లతో వచ్చిన ఆట కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మోగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు వచ్చి దాన్ని అమర్చాడు, దాని వెనక గీతా సారాభాయ్ లాంటి సంగీత విద్వాంసురాలు ఉన్నారు, మన భారతీయులే అక్కడ కూర్చుని రచనలు చేశారు. 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే ముంబై వాద్యకారుడు పది రాగాలను సింథసైజర్ మీద, డ్రమ్ మిషన్ తాళంతో వాయించి రికార్డు తెచ్చాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, చాలా ఏళ్ల తర్వాత ప్రపంచమంతా వెతుక్కుని విన్నది. రాగం తెలియకుండా ఆ పని చేయగలిగేవాడు కాదు.

ఇంకా దగ్గరికి రండి. మన మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒక్క గొంతుతో ఎన్ని శబ్దాలు పుట్టించారో మీరు నాకంటే ఎక్కువ విని ఉంటారు. ఎదుటి శబ్దాన్ని ముక్కలుగా విడదీసి వినకపోతే గొంతులోకి రాదు. నేను పిల్లలతో లాప్‌టాప్ ముందు చేయించేది అదే వినికిడి. మీట నొక్కితే వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టు వాడుకున్నవాళ్లకు నేను మార్కులు వేయను, ఈ విషయంలో మీరూ నేనూ ఒక్కటే. ఒక శనివారం మా రిహార్సల్‌కు రండి సార్, వచ్చి విని, నచ్చనిది పిల్లల ముందే చెప్పండి. వాళ్లు వింటారు.

ప్రశ్న: మేడమ్, బతుకమ్మ పాటలకు డీజే బీట్ వేసి రీమిక్స్ చేస్తున్నాం. మా వాడలో పెద్దవాళ్లు తిడుతున్నారు. ఎలా చేస్తే బాగుంటుంది? (జనగామ)

జవాబు: తిట్టేది బీట్‌ను కాదనుకుంటా, గొంతులు వినపడకుండా పోయినందుకు. బతుకమ్మ పాటలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'కోల్' అనో అందుకుంటారు, చప్పట్లు అడుగుకు సరిపడా పడతాయి. వంగి చప్పట్లు కొట్టి, లేచి, పక్కకు జరిగే ఆ కదలికలోంచే వేగం వస్తుంది. కాబట్టి ముందు ఆడేవాళ్ల చప్పట్లు రికార్డు చేసి, బీట్‌ను దానికి తగ్గట్టు జరపండి, పాటను లాగి బీట్ గీతల మీద అతికించకండి. చప్పట్లు ఒక చోట కాస్త తొందరపడితే తొందరపడనివ్వండి. బేస్ ఉంచండి, కానీ మనిషి గొంతు ఉండే మధ్యస్థాయిలో సింథ్ శబ్దాలు కుక్కకండి, 'ఉయ్యాలో' వచ్చేచోట మొత్తం తీసేసి ఉత్త చప్పట్లు, గొంతులే వినపడనిస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. నా మటుకు నాకు అదే పాటలో ప్రాణమున్న చోటు. పాడిన అమ్మలక్కల పేర్లు వాళ్లు సరే అంటే రికార్డు మీద వెయ్యండి. రాత్రి పది తర్వాత డీజే బాక్సులు పెట్టకండి, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు మామూలుగా బంద్.

ప్రశ్న: రోజూ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిక్సింగ్ చేస్తాను. పడుకున్నాక చెవుల్లో గుయ్యిమంటోంది. మామూలేనా? (ఇంటర్ విద్యార్థి, హుజూరాబాద్)

జవాబు: మామూలు కాదు బాబూ, తేలిగ్గా తీసుకోకు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు గరిష్ఠం అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది: 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండే. మిక్సింగ్ మొదలుపెట్టేటప్పుడు పక్కన ఎవరైనా మామూలుగా మాట్లాడితే వినపడేంత సౌండే పెట్టుకో, మధ్యలో పెంచకు, గంటకోసారి హెడ్‌ఫోన్ తీసి పది నిమిషాలు బయట తిరుగు. నాలుగు రోజులు పూర్తిగా ఆపేసి చూడు, అప్పటికీ గుయ్యిమంటుంటే ఇంట్లో చెప్పి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకో. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేస్తారు, నొప్పేమీ ఉండదు. ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచు, వచ్చే ఏడాది మళ్లీ చేయించుకున్నప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.